పనిగట్టుకుని అరగదీసే బట్ట: డెనిమ్ ఫినిషింగ్‌లో రసాయనాలు, ఎంజైములు

మగ్గం మీద నుంచి దిగిన నూలుబట్టలో నూలుతో పాటు పడుగుకు పెట్టిన గంజి, పత్తిగింజల తునకలు, పత్తి పీచు మీద సహజంగానే ఉండే మైనమూ పెక్టినూ, యంత్రాల నూనె మరకలూ ఉంటాయి కాబట్టి అది నీటిని పీల్చుకోదు, రంగును సమంగా పట్టదు, ఒంటికి గరుకుగా తగులుతుంది. ఈ మలినాలను తొలగించి, ఆ తరువాత బట్టకు తెలుపు, మెత్తదనం, మెరుపు, ముడతపడని గుణం, నీరంటని గుణం వంటివాటిని సమకూర్చే పనులన్నిటినీ కలిపి పరిశ్రమలో వెట్ ప్రాసెసింగ్ అంటారు. అందులో చివరి దశ పేరు ఫినిషింగ్. చాలా బట్టలకు ఫినిషింగ్ అంటే కొత్తదనాన్ని నిలబెట్టే పని. డెనిమ్ విషయంలో మాత్రం అది తలకిందులైంది: ఏళ్ల తరబడి తొడిగి, ఉతికి, మోకాళ్ల దగ్గరా తొడల మీదా వెలిసిపోయిన ప్యాంటు ఎలా కనిపిస్తుందో, ఇంకా ఎవరూ తొడగని ప్యాంటును కొన్ని గంటల్లో అలా కనిపించేలా చేయడమే అక్కడ ఫినిషింగ్. అంటే అది లెక్కప్రకారం చేసే అరుగుదల.

ఈ పనికి వాడే పద్ధతులను చర్చించేటప్పుడు రసాయనాలను చెడ్డవిగా, ఎంజైములను మంచివిగా రెండు గూళ్లలో పెట్టేయడం వాడుకగా మారింది. ఆ విభజన పరీక్షకు నిలవదు. ఎంజైము అంటే జీవకణాలు తయారుచేసుకునే ప్రొటీను. తాను ఖర్చు కాకుండా ఒక రసాయన చర్యను వేగవంతం చేస్తుంది కనుక అదీ రసాయన సాధనమే, కాకపోతే తనకు సరిపోయిన ఒక్క బంధాన్నే పట్టుకుని తెంచే నేర్పు దానికి ఉంది. ప్రతి పద్ధతీ బట్టలో నుంచి కొంత తీసేస్తుంది, తీసినదాన్ని నీటిలోకో గాలిలోకో పంపుతుంది, మధ్యలో ఆ పని చేసే మనిషి చేతులకూ ఊపిరితిత్తులకూ తగులుతుంది. అందువల్ల ఏ పద్ధతినైనా దాని పేరును బట్టి గాక, అది బట్టలో దేన్ని తీస్తోంది, తీసినది ఎక్కడికి చేరుతోంది, ఎవరి ఒంటి మీదుగా చేరుతోంది అనే మూడు ప్రశ్నలతో తూచడం న్యాయం.

బట్టకు రసాయనాలు పట్టించే ఈ విద్య తెలుగునేలకు కొత్తది కాదు. చాకిరేవులో చౌడుమన్ను పట్టించిన బట్టలను బానకెక్కించి ఆవిరి మీద ఉడికించినప్పుడు జరిగేది, నేటి మిల్లులో కాస్టిక్ సోడా నీటిలో మరగబెట్టినప్పుడు జరిగేది ఒకే రకం పని. చౌడులోని సోడా క్షారం నూనెనూ జిడ్డునూ సబ్బుగా మార్చి నీళ్లలో కలిపేస్తుంది. చీరాలలోనూ పుట్టపాకలోనూ తేలియా రుమాలు నేసేవారు నూలును ఆముదపు కాయల బూడిద కలిపిన క్షారజలంలోనూ నూనెలోనూ రోజుల తరబడి ముంచి, పిసికి, ఎండబెడతారు. ఎరుపు రంగు నూలులోకి లోతుగా ఇంకి నిలవడానికి ఆ నూనె పొర ఆధారమవుతుంది. శ్రీకాళహస్తిలో కలంకారీ కళాకారులు బట్టను కరక్కాయ రసమూ పాలూ కలిపిన ద్రవంలో నానబెట్టడంలోనూ ఇలాంటి లెక్కే ఉంది: కరక్కాయలోని టానిన్ పటికనూ ఇనుపనీటినీ పట్టి ఉంచుతుంది, పాలలోని వెన్న కలంతో గీసిన గీత పక్కకు పాకకుండా ఆపుతుంది. ఈ పద్ధతులకు ప్రయోగశాల పేర్లు లేకపోయినా కొలతలున్నాయి, ఏది ఎప్పుడు ఆపాలో చేతికి తెలిసిన నిదానం ఉంది.

యూరప్‌లో బట్టను తెల్లబరచడానికి పచ్చిక మైదానాల్లో నెలల తరబడి ఎండకు పరిచే పద్ధతి ఉండేది. 1785లో బెర్తొలే క్లోరిన్‌కు రంగు పోగొట్టే గుణం ఉందని చూపడం, 1799లో చార్లెస్ టెనెంట్ బ్లీచింగ్ పౌడరుకు పేటెంటు పొందడం ఆ నెలలను గంటలకు కుదించాయి. 1844లో జాన్ మెర్సర్ గాఢమైన కాస్టిక్ సోడాలో నూలు ఉబ్బి బలపడుతుందని గమనించాడు. 1890 ప్రాంతంలో హొరేస్ లో అదే పనిని బట్టను బిగించి లాగి పట్టి చేయించగా పట్టులాంటి మెరుపు వచ్చింది. మెర్సరైజ్డ్ కాటన్ అని దుకాణాల్లో వినబడే మాట పుట్టింది అక్కడే.

ఎంజైములు బట్టల పనిలోకి వచ్చిన తొలి దారి గంజి. మగ్గం మీద పడుగుపోగులు రాపిడికి తెగకుండా వాటికి గంజి పట్టిస్తారు, నేత ముగిశాక ఆ గంజిని తీసేయాలి. దీన్ని డీసైజింగ్ అంటారు. ఇక్కడ ప్రకృతి పెట్టిన చిక్కు ఒకటి ఉంది. అన్నంలోని పిండిపదార్థమూ అంగీలోని నూలూ రెండూ గ్లూకోజు అనే ఒకే చక్కెర అణువులు గొలుసుగా అల్లుకున్నవే. గొలుసులోని కొక్కేలు ఒకదానిలో ఒక వైపుకు, రెండోదానిలో మరో వైపుకు తిరిగి ఉండడమే వాటి మధ్య తేడా. గంజిని కరిగించడానికి సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడితే అది ఈ రెంటినీ వేరుచేసి చూడలేదు. గాఢత కొంచెం ఎక్కువైనా, బట్ట ఒక మూల ఆరినా, గంజితో పాటు నూలు కూడా తినేయబడుతుంది. తడిపిన బట్టను రాత్రంతా వదిలేసి, తరవాణి పులిసినట్టు గంజిని పులియనిచ్చే పాత పద్ధతీ ఉండేది గానీ, ఏ సూక్ష్మజీవి ఎంత పని చేస్తుందో దానిలో ఎవరి చేతిలోనూ లేదు. మొలకెత్తిన బార్లీ నుంచి గంజిని చక్కెరగా మార్చే పదార్థాన్ని 1833లో ఫ్రాన్సులో పాయెన్, పెర్సో అనే ఇద్దరు రసాయనవేత్తలు వేరుచేసి డయాస్టేజ్ అన్నారు. నేడు దాని జాతిపేరు ఎమైలేజ్. మొదట మొలకధాన్యపు సారంతో సాగిన ఈ పని, 20వ శతాబ్దం రెండో దశకంలో బోయిదాన్, ఎఫ్రాన్ బాక్టీరియా నుంచి ఎమైలేజ్‌ను పరిశ్రమ స్థాయిలో తీసే పద్ధతిని రూపొందించాక స్థిరపడింది. ఎమైలేజ్ గంజి కొక్కేలనే విప్పుతుంది, నూలు కొక్కేలు దాని చేతికి అందవు. పని పూర్తయిందో లేదో చూడడానికి బట్ట మీద ఒక చుక్క అయొడిన్ ద్రావణం వేస్తారు: నీలం తేలితే గంజి ఇంకా ఉన్నట్టు, పసుపుగానే ఉండిపోతే పోయినట్టు. రసాయనాన్ని ఎంజైము పూర్తిగా ఓడించిన రంగం ఏదైనా ఉందంటే అది ఇదే.

మిగతా ముందుపనుల్లో ఆ విజయం అంత నిండుగా లేదు. పీచు మీది మైనాన్నీ పెక్టిన్‌నూ తీయడానికి కాస్టిక్ సోడాలో మరిగించే బదులు పెక్టినేజ్ అనే ఎంజైముతో 55 డిగ్రీల దగ్గరే పని ముగించవచ్చు, నూలు బరువు తక్కువ తగ్గుతుంది, కడిగే నీరు తగ్గుతుంది. కానీ కాస్టిక్ సోడా నమిలేసే పత్తిగింజల నల్లటి తునకలను పెక్టినేజ్ ముట్టుకోదు, కాబట్టి తెల్లబట్టకు అది ఒక్కటే చాలదు. హైడ్రోజన్ పెరాక్సైడుతో తెల్లబరచిన బట్టలో మిగిలిపోయే పెరాక్సైడు తరువాతి రంగును చెడగొడుతుంది. దాన్ని వదిలించడానికి పదేపదే జాడించే బదులు కెటలేజ్ అనే ఎంజైమును కొద్దిగా వేస్తే పెరాక్సైడు నీరుగానూ ఆక్సిజన్‌గానూ విడిపోతుంది, ఆ ఎంజైము రంగుకు అడ్డుపడదు గనుక అదే నీటిలో అద్దకం మొదలుపెట్టవచ్చు. పేరు పెద్దగా వినబడని ఈ చిన్న మార్పు నీటి పొదుపులో చేసిన మేలు చాలా ఎక్కువ.

డెనిమ్ అసలు కథ నీలిమందుతో మొదలవుతుంది. డెనిమ్‌లో పడుగు నీలం, పేక తెలుపు. పడుగు మూడు పేకపోగుల మీదుగా సాగి ఒకదాని కిందికి దూరే వాలునేత వల్ల బట్ట ముఖం నీలంగా, వెనుకవైపు తెల్లగా కనిపిస్తుంది. నీలిమందు నీటిలో కరగదు. దాన్ని కాస్టిక్ సోడా, సోడియం హైడ్రోసల్ఫైటు కలిపిన తొట్టిలో క్షయకరణం చేస్తే, అంటే దాని నిర్మాణంలోని ఆక్సిజన్ పట్టును సడలిస్తే, పసుపుపచ్చని ద్రవంగా కరుగుతుంది. అందులో ముంచి తీసిన నూలు గాలి తగలగానే పచ్చగా, ఆపై నీలంగా మారుతుంది. ముదురు రంగు కావాలంటే ఆరెనిమిది సార్లు ముంచాలి, ప్రతిసారీ గాలికి ఆరనివ్వాలి. ఇంతచేసినా నీలిమందుకు నూలు మీద మమకారం తక్కువ; తొట్టి పీహెచ్‌ను, అంటే క్షార తీవ్రతను, 11 దగ్గర నిలిపితే రంగు పోగు లోపలికి పోకుండా అంచు చుట్టూ ఉంగరంలా నిలుస్తుంది, నడుమ తెల్లగానే ఉంటుంది. మామూలు అద్దకంలో ఇది లోపం. డెనిమ్‌లో ఇదే ప్రాణం, ఎందుకంటే పోగు పైపొర కాస్త రాలితే లోపలి తెలుపు బయటపడుతుంది, వెలిసిన డెనిమ్ అందం మొత్తం ఆ ఉంగరం మందాన్ని బట్టే ఉంటుంది.

ఒకప్పుడు ఈ రంగు ఆకు నుంచి వచ్చేది. మద్రాసు ప్రెసిడెన్సీలో నీలిమందుకు కడప పేరుమోసిన జిల్లా. జర్మనీలో బేయర్ 1880 ప్రాంతంలో నీలిమందును ప్రయోగశాలలో సంశ్లేషించడం, 1897లో బీఏఎస్ఎఫ్ కంపెనీ కృత్రిమ నీలిమందును అమ్మకానికి తేవడంతో ఇరవై ముప్పై ఏళ్లలోనే నీలిసాగు కుప్పకూలింది. నేడు జీన్స్‌లో ఉండే రంగు దాదాపు మొత్తం ఆ కృత్రిమ నీలిమందే.

కొత్త జీన్స్ అట్టలా బిగుసుకుని ఉండేవి. 1970ల నుంచి వాటిని అగ్నిపర్వతాల లావా చల్లారి ఏర్పడే తేలికపాటి ప్యూమిస్ రాళ్లతో పాటు పెద్ద డ్రమ్ములో వేసి తిప్పే స్టోన్‌వాష్ పద్ధతి వ్యాపించింది. రాయి పోగు పైపొరను గీకుతుంది, నీలం రాలుతుంది, బట్ట మెత్తబడుతుంది. రాయి కూడా అరిగి ఇసుకై బురదై కాలువలను పూడుస్తుంది, డ్రమ్ము లోపలి లోహాన్ని కొరుకుతుంది, ప్రతి ప్యాంటు జేబులోనూ చేయిపెట్టి రాళ్ల ముక్కలు ఏరవలసి వస్తుంది. 1980ల నాటి ఆసిడ్‌వాష్ దీనికి పిల్ల. పేరులో ఆమ్లం ఉన్నా తడిపింది ఆమ్లంలో కాదు, రాళ్లను పొటాషియం పర్మాంగనేటులోనో హైపోక్లోరైటులోనో నానబెట్టి ఆరిన ప్యాంట్ల మీద దొర్లించేవారు.

రాయి స్థానంలోకి ఎంజైము వచ్చిన వైనం ఈ రంగం చరిత్రలో అన్నిటికన్నా ఆసక్తికరమైనది. రెండో ప్రపంచయుద్ధకాలంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైన్యపు నూలు గుడారాలూ దుస్తులూ బూజు పట్టి చివికిపోతుంటే, కారణాన్ని వెతికిన సైనిక పరిశోధకులు సాలమన్ దీవుల్లో చివికిన బట్ట మీద నుంచి ఒక శిలీంధ్రాన్ని వేరుచేశారు. నూలును చక్కెరగా విడగొట్టే సెల్యులేజ్ ఎంజైములను అది విరివిగా స్రవిస్తుందని ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ తదితరులు దశాబ్దాల కృషితో నిరూపించారు. 1977లో రీస్ గౌరవార్థం దానికి ట్రైకోడెర్మా రీసై అని పేరు పెట్టారు. బట్టను ఆ శిలీంధ్రం నుంచి కాపాడడానికి మొదలైన పరిశోధన, 1980లు ముగిసేనాటికి బట్టను దానిచేతనే కొలతప్రకారం కొరికించే పరిశ్రమగా పరిణమించింది.

సెల్యులేజ్ నీలిమందును విరగగొట్టదు; ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. అది పోగు ఉపరితలం మీది సన్నని నూగులాంటి పీచుతునకల గొలుసులను తెంచి వదులుచేస్తుంది; డ్రమ్ము తిరిగేటప్పుడు బట్టకు బట్ట రాసుకుని ఆ తునకలు రాలిపోతాయి, వాటిని అంటిపెట్టుకున్న నీలం వాటితోపాటే పోతుంది. రాపిడి లేకుండా ఎంజైము నీటిలో ప్యాంటును ఊరికే నానబెడితే రంగు అట్టే తేలదు. ఈ పనిని దగ్గరగా చూస్తే క్రమం ఇలా ఉంటుంది. ముందు ఎమైలేజ్‌తో గంజి తీసిన ప్యాంట్లను డ్రమ్ములో వేసి, బట్ట బరువుకు ఎనిమిది పది రెట్ల నీరు పట్టి, 50, 55 డిగ్రీలకు వేడిచేసి, అసిటిక్ ఆమ్లంతో పీహెచ్‌ను 4.5 నుంచి 5.5 మధ్యకు తెస్తారు. బట్ట బరువులో సుమారు ఒక శాతం ఎంజైము కలిపి అరగంట నుంచి గంట తిప్పుతారు. మధ్యమధ్య ఆపరేటరు ఒక ప్యాంటును బయటికి లాగి, పిండి, వెలుతురులో పట్టుకుని నమూనా ప్యాంటు పక్కన పెట్టి షేడు చూస్తాడు. కుదిరిందనగానే సోడా యాష్ వేసి పీహెచ్ పెంచి, నీటిని 80 డిగ్రీలకు తీసుకుపోయి ఎంజైమును చంపేయాలి. ఆ చివరి మెట్టును తొందరలో దాటవేస్తే ఎంజైము తడిబట్టలో తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. ఆ సంగతి అప్పటికప్పుడు కంటికి కనబడదు, కొన్నవాడు కొన్నాళ్లు తొడిగాక మోకాలి దగ్గర చిరుగులో కనబడుతుంది.

ఈ పద్ధతికి తోడుపుట్టిన చిక్కు రాలిన నీలం తిరిగి అంటుకోవడం. రాలిన రంగు తెల్లని పేకపోగుల మీదా జేబు గుడ్డ మీదా పేరుకుని, ప్యాంటు మొత్తానికి మసకబారిన నీలిచాయ తెస్తుంది. దీన్ని బ్యాక్‌స్టెయినింగ్ అంటారు. ట్రైకోడెర్మా నుంచి వచ్చే ఆమ్ల సెల్యులేజ్ వేగంగా పనిచేస్తుంది, చవక కూడా, కానీ ఆ ప్రొటీను నూలుకూ నీలానికీ రెంటికీ అంటుకునే స్వభావం గలది కావడంతో మధ్యలో జిగురులా వ్యవహరిస్తుంది. హ్యూమికోలా అనే మరో శిలీంధ్రపు ఎంజైము 6, 7 పీహెచ్ దగ్గర, అంటే మామూలు నీటికి దగ్గరలో, నెమ్మదిగా పనిచేస్తుంది. సమయం ఎక్కువ పట్టినా తెలుపు తెలుపుగా నిలుస్తుంది, బట్ట బలం కూడా తక్కువ తగ్గుతుంది. సెల్యులేజ్ అనేది నిజానికి ఒక ముఠా: గొలుసును నడిమిలో తెంచేవి కొన్ని, చివరల నుంచి రెండేసి గ్లూకోజు పూసలు ఊడదీసేవి కొన్ని, ఆ జంటలను విడగొట్టేవి కొన్ని. ఈ మూడూ కలిసి పనిచేస్తే బట్ట కరిగిపోయేదాకా ఆగవు. అందుకే జన్యుమార్పిడితో నడిమిలో తెంచే రకాన్నే ప్రధానంగా స్రవించే శిలీంధ్రాలను తయారుచేసుకోవడం ఈ రంగంలో ముఖ్యమైన ముందడుగు అయింది. టీషర్టుల మీద ఉండలు కట్టే నూగును తీసి నున్నబరిచే బయోపాలిషింగ్ కూడా ఈ ఎంజైములతో చేసేదే.

రాలగొట్టడం చాలనప్పుడు రంగును చంపవలసి వస్తుంది, అక్కడ రసాయనాలు ఇంకా గట్టిగానే నిలిచి ఉన్నాయి. సోడియం హైపోక్లోరైటు నీలిమందు అణువును విరగగొట్టి వెలిసిన చాయ ఇస్తుంది. చవక, వేగం, ఎక్కడైనా దొరుకుతుంది. కానీ అది నూలును బలహీనపరుస్తుంది, సాగే జీన్స్‌లోని ఎలాస్టేన్ దారాన్ని చెడగొడుతుంది, మురుగులోని సేంద్రియ పదార్థాలతో కలిసి తేలికగా నశించని క్లోరిన్ సమ్మేళనాలను మిగులుస్తుంది. తొడల మీదా మోకాళ్ల మీదా మాత్రమే తెలుపు కావాలంటే గాలి నింపిన రబ్బరు కాళ్లకు ప్యాంటు తొడిగి, పొటాషియం పర్మాంగనేటు ద్రావణాన్ని తుపాకీతో చిమ్ముతారు. ఊదారంగు పొగమంచులా పడినది కాసేపట్లో గోధుమరంగుకు తిరుగుతుంది. అది మాంగనీసు డయాక్సైడు. ఆ తరువాత సోడియం మెటాబైసల్ఫైటులో ముంచితే గోధుమరంగు పోయి తెలుపు బయటపడుతుంది. పనివాడి గోళ్లకు పట్టిన గోధుమరంగు మాత్రం అంత తొందరగా పోదు, నీటితెర లేని గదిలో ఆ తుంపర అతని ఊపిరిలోకే పోతుంది.

ఇక్కడికి ఎంజైము పంపిన ప్రతినిధి లాకేజ్. రాగిని తన నడుమ ఇముడ్చుకున్న ఈ ఎంజైము గాలిలోని ఆక్సిజన్‌నే ఆయుధంగా తీసుకుని నీలిమందును విరగగొడుతుంది, నూలు జోలికి పోదు. దీనికీ నీలిమందుకూ మధ్య ఎలక్ట్రాన్లను మోసే ఒక చిన్న మధ్యవర్తి రసాయనం కావాలి. 1996లో డెన్మార్క్‌కు చెందిన నోవో నార్డిస్క్ దీన్ని డెనిలైట్ పేరుతో పరిశ్రమకు అందించింది. బలం తగ్గని తెలుపు అనే వాగ్దానం నిజమే అయినా, అది ఇచ్చే చాయ కాస్త బూడిదరంగుకు తిరుగుతుంది, నల్లని సల్ఫర్ రంగుల మీద పెద్దగా పనిచేయదు, ధర ఎక్కువ. అందువల్ల అది హైపోక్లోరైటును తరిమేయలేదు, పక్కన చోటు సంపాదించుకుంది.

యంత్రంతో అరగదీసే పద్ధతుల్లో మనుషుల ప్రాణం తీసినది శాండ్‌బ్లాస్టింగ్. ఇసుకను గాలి ఒత్తిడితో ప్యాంటు మీదికి చిమ్మితే మోకాలి దగ్గర చక్కగా వెలుస్తుంది, రసాయనం చుక్క కూడా వాడనక్కర్లేదు. ఇసుకలోని సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో దిగి సిలికోసిస్ అనే మానని జబ్బు తెస్తుంది. గనుల్లో దశాబ్దాలు పనిచేసినవారికి వచ్చే ఈ జబ్బు టర్కీలో జీన్స్ వర్క్‌షాపుల కుర్రవాళ్లకు కొద్ది ఏళ్లకే వస్తోందని ఎర్జురుమ్‌లోని వైద్యుడు మెతిన్ అక్గున్, ఆయన సహచరులు 2005 నుంచి వరుసగా వెల్లడించారు. 2009లో టర్కీ దాన్ని నిషేధించింది, 2010లో లెవైస్, హెచ్ అండ్ ఎమ్ తమ సరఫరాదారులకు ఆ పద్ధతిని మాన్పించాయి. రసాయనం లేని పద్ధతే మంచి పద్ధతి అనేవారు మొదట గుర్తుంచుకోవలసిన ఉదాహరణ ఇదే. దాని చోటులోకి వచ్చిన కార్బన్ డయాక్సైడు లేజరు పోగు పైపొర మీది నీలాన్ని వేడితో ఆవిరిచేస్తుంది, కంప్యూటరులో గీసిన ముడతల గీతలను క్షణాల్లో బట్ట మీదికి దించుతుంది. మూసిన డ్రమ్ములో తడిబట్ట మీదికి వదిలే ఓజోను వాయువు రంగును విరగగొట్టి, పని ముగిశాక మళ్లీ ఆక్సిజన్‌గా మారుతుంది. రెండూ నీటిని బాగా ఆదాచేస్తాయి. రెంటికీ పెట్టుబడి పెద్దది, కాబట్టి అవి పెద్ద ఫ్యాక్టరీలకే పరిమితమవుతూ, చిన్న యూనిట్లకు పర్మాంగనేటు తుపాకీనే మిగులుస్తున్నాయి.

డెనిమ్‌కు వెలుపల ఫినిషింగ్ రసాయనాల చరిత్ర ఒక్కొక్క సుగుణానికి చెల్లించిన మూల్యాల చరిత్ర. ముడతపడని చొక్కాకు నూలు గొలుసులను అడ్డకట్లతో బిగించే డీఎమ్‌డీహెచ్ఈయూ రెజిను ఫార్మాల్డిహైడును కొద్దికొద్దిగా వదులుతుంది. ఆ ఫార్మాల్డిహైడును 2004లో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ మనిషికి కేన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ఒంటికి తగిలే బట్టలో కిలోకు 75 మిల్లీగ్రాములు దాటకూడదన్న హద్దు ఓకోటెక్స్ ప్రమాణంలో ఉంది. 1988లో అమెరికా వ్యవసాయశాఖ పరిశోధకుడు క్లార్క్ వెల్చ్ ఫార్మాల్డిహైడు లేని పాలీకార్బాక్సిలిక్ ఆమ్లపు కట్లను చూపించినా ఖరీదు వాటిని నిలవనివ్వలేదు. నీరంటని కోట్లకు వాడిన ఫ్లోరిన్ రసాయనాల కుటుంబంలో పీఎఫ్ఓఎస్‌ను 2009లో, పీఎఫ్ఓఏను 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం కింద నియంత్రించే రసాయనాల్లో చేర్చారు, ఎందుకంటే అవి నేలలోనూ ఒంట్లోనూ విరగక నిలిచిపోతాయి. పిల్లల రాత్రి దుస్తులకు మంటలంటకుండా పూసిన ట్రిస్ అనే బ్రోమిన్ సమ్మేళనాన్ని 1977లో అమెరికా నిషేధించింది. మంటను ఆర్పే పనీ నీటిని నెట్టే పనీ ఏ ఎంజైమూ చేయలేదు కనుక, ఈ విభాగంలో రసాయనాన్ని మరింత మేలైన రసాయనంతో మార్చుకోవడమే దారి.

నీటి లెక్క వేరేగా చూడాలి. ఒక జత జీన్స్ జీవితకాలానికి 3,781 లీటర్ల నీరు ఖర్చవుతుందని లెవైస్ సంస్థ 2015లో ప్రకటించిన అధ్యయనం చెబుతుంది. అందులో 68 శాతం పత్తిచేనుకే పోతుంది, 23 శాతం కొన్నవారు ఇంట్లో ఉతుక్కోవడానికి పోతుంది. ఈ లెక్క చూపి వాషింగ్ యూనిట్ల పాత్ర స్వల్పమని వాదించేవారు పరిమాణాన్నీ స్వభావాన్నీ కలిపేస్తున్నారు. వాషింగ్ డ్రమ్ములో నుంచి వచ్చే ప్రతి లీటరూ నీలంగా, ఉప్పగా, క్షారంతో వస్తుంది, వచ్చి ఒకే వాగులో పడుతుంది. తిరుపూరు అద్దకం, బ్లీచింగ్ యూనిట్ల మురుగు నొయ్యల్ నదిని చెడగొట్టి, దానిమీద సాగుకోసం కట్టిన ఒరత్తుపాళయం జలాశయం నీటిని పొలాలకు పనికిరాకుండా చేసిన పిమ్మట, 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు వందలాది యూనిట్లను మూయించింది. జీన్స్ కుట్టుకూ వాషింగ్‌కూ పేరుపడిన, తెలుగు మాట్లాడేవారు పెద్దసంఖ్యలో ఉన్న బళ్లారి వానలు తక్కువపడే సీమలో ఉంది; అక్కడ వాషింగ్ నీటి ప్రశ్న, తాగునీటి ప్రశ్న వేర్వేరు కావు.

ఆ మురుగులో ఎంజైముల వాటా కూడా చూడాలి. ఎమైలేజ్ గంజిని చక్కెరగా మార్చిందే గానీ మాయం చేయలేదు. ఆ చక్కెర కాలువలో కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. నూలు ముందుపనుల మురుగు పీల్చే ఆక్సిజన్‌లో దాదాపు సగం గంజి వల్లేనని వస్త్రరసాయన గ్రంథాలు లెక్కకట్టాయి, ఎంజైము వాడినా ఆ సగం అలాగే ఉంటుంది. పొడి ఎంజైము దుమ్ము పీల్చితే ఉబ్బసం వస్తుందని 1969లో బ్రిటన్‌లో డిటర్జెంటు ఫ్యాక్టరీ కార్మికుల్లో బయటపడింది. ఆ తరువాతే ఎంజైములను పూతపూసిన గుళికలుగానో ద్రవంగానో అమ్మడం మొదలైంది. ఉష్ణోగ్రత నాలుగైదు డిగ్రీలు అటూఇటూ అయితే, బోరునీటి క్షారం ఆ రోజు ఎక్కువైతే ఎంజైము మొండికేస్తుంది. బాయిలరు మీద ఉష్ణమాపకమూ చేతిలో పీహెచ్ కాగితమూ లేని యూనిట్లో ఆపరేటరు చేసేది మోతాదు పెంచడమే. ఖరీదైన ఎంజైము వృథా అవుతుంది, షేడు కుదరదు, చివరకు హైపోక్లోరైటు డబ్బా మూత తీస్తారు. కనుక చిన్న యూనిట్లకు కొత్త ఎంజైము కన్నా ముందు కావలసింది కొలిచే సాధనాలూ, వాటిని వాడడం నేర్పే శిక్షణా, పలు యూనిట్ల మురుగును కలిపి శుద్ధిచేసే ఉమ్మడి ప్లాంటూ.

మరోవైపు పరిశోధన నీలం ఎక్కించే తొట్టి దగ్గరికే ఎంజైమును తీసుకుపోతోంది. హైడ్రోసల్ఫైటు తొట్టి నుంచి పోయే సల్ఫేటు లవణాలను జీవశుద్ధి తొలగించలేదు, ఖరీదైన పొరల గుండా నీటిని నెట్టి వడకట్టాలి. 2018లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో జాన్ డూబర్ బృందం బాక్టీరియా చేత ఇండికాన్ అనే పదార్థాన్ని తయారుచేయించింది. అది నీలిమందు ముడిరూపానికి ఒక గ్లూకోజు మూత పెట్టినట్టిది, నీటిలో కరుగుతుంది, చెడిపోదు. బట్టకు పట్టించాక బీటా గ్లూకోసిడేజ్ అనే ఎంజైము ఆ మూతను ఊడదీస్తే, లోపలిది గాలి తగిలి పోగులోనే నీలమవుతుంది, హైడ్రోసల్ఫైటుతో పనిలేదు. నీలి ఆకులో సహజంగా ఉండేది ఈ ఇండికానే; కడప నీలితొట్లలో ఆకును నానబెట్టినప్పుడు ఆ మూతను ఊడదీసింది ఆకులోనే ఉన్న ఇలాంటి ఎంజైమే, ఆ పసుపుపచ్చని నీటికి గాలి తగలడానికి మనుషులు తొట్టిలో దిగి కర్రలతో చిలికేవారు. కొత్త పద్ధతి ధర ఇంకా కృత్రిమ నీలిమందుకు పోటీగా దిగిరాలేదు. దిగివచ్చిన రోజున కూడా అది అద్దకపు తొట్టి మురుగునే మారుస్తుంది. ఆ నీలం పట్టిన ప్యాంటు మళ్లీ వాషింగ్ డ్రమ్ముకే వస్తుంది, సెల్యులేజ్ దాని పైపొరను కొరుకుతుంది, రాలిన నీలం ఆ నీటితోపాటే కాలువలోకి దిగుతుంది.